పూలన్నీ విరిశాయి, డబ్బులే రాలేదు

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): పోయిన సీజన్‌లో పావెకరంలో కాడతో కోసే పూలు వేశాను. జిన్నియా, డాలియా, గ్లాడియోలస్, పొద్దుతిరుగుడు, లిసియాంథస్, స్నాప్‌డ్రాగన్, కార్నేషన్... లెక్కపెడితే 23 రకాలు. పూలు బ్రహ్మాండంగా వచ్చాయి. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. వారానికో రోజు బల్ల వేసుకుని గుత్తులు అమ్మాను, మూడు పూల దుకాణాలకు కూడా ఇచ్చాను. కొన్నిసార్లు కోసిపెట్టిన కార్నేషన్లు తెల్లారేసరికే ముడుచుకుపోయేవి, ఎందుకో తెలియలేదు. సీజన్ అయ్యాక చూస్తే విత్తనాలకు, దుంపలకు, డ్రిప్పుకు పెట్టింది పోను చేతిలో దాదాపు ఏమీ లేదు. నా రెక్కల కష్టం అందులో కలపనే లేదు. "ఇంత చిన్న ముక్కలో ఏం మిగులుతుంది, ఎకరానికి పెంచి పాలీహౌస్ కట్టు" అంటున్నారు ఇంట్లో. లోను కూడా వచ్చేలా ఉంది. ధైర్యం చేయమంటారా?
ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

వద్దు. ఎకరానికి పెంచొద్దు, ప్లాస్టిక్ షీటు కప్పి కట్టే ఆ పాలీహౌస్ జోలికి పోవద్దు, ఆ లోను కాగితాల మీద ఈ ఏడాది సంతకం పెట్టొద్దు. జవాబు ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం చూస్తే రేపో ఎల్లుండో పెట్టేసేలా ఉన్నారు. కారణాలు తీరిగ్గా చెబుతాను.

మీరు రాసింది నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు పూలు ఎలా పండించారో ఉంది. ఎలా అమ్మారన్నది ఒక్క పేరాలో తేల్చేశారు. ఎన్ని కాడలు కోశారు, వాటిలో ఎన్ని డబ్బై వచ్చాయి, ఎన్ని ఎరువు గుంటలో పడ్డాయి అన్న అంకె ఎక్కడా లేదు. తప్పు పట్టడం లేదమ్మా. నా మొదటి రెండేళ్ల నోటు పుస్తకాలూ అంతే. ఏ రోజు నారు పోశానో, ఏ రోజు తొలి మొగ్గ కనబడిందో తేదీలతో సహా ఉంటుంది. అమ్మకం దగ్గరికొచ్చేసరికి "ఈ వారం బాగానే పోయాయి" అని ఒక ముక్క. బాగానే అంటే ఎన్ని? ఆ ప్రశ్న నన్ను నేను అడుక్కోవడానికి రెండు సీజన్లు పట్టింది.

ఒక మడి లెక్క కట్టి చూద్దాం. మీటరు వెడల్పు, 30 మీటర్ల పొడవు మడి. ఒక్కో మొక్కకు ఒక్కటే పువ్వు పూసే పొద్దుతిరుగుడు రకాన్ని 15 సెంటీమీటర్ల ఎడంతో వేస్తే ఆరు వరసలు, వరసకు 200. మొత్తం 1200 మొక్కలు, 1200 కాడలు. ఇది కాగితం మీద. మొలవనివి, పిట్టలు ఏరుకున్నవి, నత్తలు కొరికినవి ఐదో వంతు తీసేయండి. 960. వంకర కాడలు, చిల్లుపడ్డ రేకులు, మరీ చిన్న తలలు పదింట ఒకటి పోతే 860 అనుకోండి. అసలు దెబ్బ ఇక్కడ పడుతుంది. ఒకే రోజు విత్తిన పొద్దుతిరుగుడు వారం పది రోజుల్లో మడి మొత్తం విచ్చేసుకుంటుంది. మీ బల్ల వారానికి ఒక్క రోజు. దుకాణాలు తీసుకున్నవీ కలుపుకుని 600 పోతే గొప్ప. మిగతా 260 కళ్ల ముందే రేకులు రాల్చేస్తాయి.

ఆ మడి మీద మొత్తం ఖర్చు 600 రూపాయలు అనుకుందాం. మొక్కల లెక్కన కాడకు అర్ధ రూపాయి పడింది. అమ్ముడైన కాడల లెక్కన రూపాయి పడింది. మీరు ధర వేసింది ఆ అర్ధ రూపాయిని చూసి. మీ డబ్బు పోయింది ఈ సందులోంచే. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవి, మీ మడిలో అవి వేరేగా ఉంటాయి. కానీ నాటిన లెక్కకూ అమ్మిన లెక్కకూ మధ్య సగానికి సగం తేడా రావడం ఈ పనిలో వింతేమీ కాదు. ఇక నాలుగింతలు నాటితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పంపూ బండీ లాంటి ఖర్చులు పెద్ద తోటలో పంచుకుపోతాయన్న మాట నిజమే. కానీ మీకు తగిలిన దెబ్బ పంపు దగ్గర లేదు.

దీనికి మందు ఏమంత కష్టం కాదు. అదే మడిని ఆరు ముక్కలు చేసి, వారానికో ఐదు మీటర్లు, అంటే 200 గింజలు విత్తండి. రకాన్ని బట్టి విత్తిన 50 నుంచి 60 రోజులకు తొలి ముక్క కోతకొస్తుంది. ఆ తర్వాత ఆరు వారాల పాటు వారానికి 140 కాడల చొప్పున వస్తాయి. 140 కాడలంటే ఐదేసి కాడల కట్టలు 28. ఇరవై ఎనిమిది కట్టలు అమ్మడానికి మీ బల్లా, ఇద్దరు దుకాణదారులూ చాలు. విత్తనం అంతే, మడి అంతే, మీరు చేసే పని కూడా ఇంచుమించు అంతే. జిన్నియాకైతే మరీ వారం వారం అక్కర్లేదు. కోసిన కొద్దీ పక్క కొమ్మలు వేసి పూస్తుంది. మూడు నాలుగు వారాలకోసారి కొత్త విత్తు పడితే సరిపోతుంది.

ఇక 23 రకాలు. అంగడి బల్ల మీద చూడముచ్చటగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక్కోదానిలో మీకు వచ్చింది ఎంత? ఒక రకంలో బకెట్లో సగం, ఇంకోదానిలో గుప్పెడు. పూల దుకాణం వాళ్లకు గుప్పెడు పనికిరాదు. వాళ్లకు ఒకే రంగు, ఒకే పొడవు కాడలు ఓ యాభై కావాలి, వచ్చే వారం కూడా అవే కావాలి. ఒకసారి అద్భుతమైన పీచ్ పండు రంగు లిసియాంథస్ ఇచ్చి, మళ్లీ వారం "అయిపోయాయండీ" అంటే, మూడో వారం వాళ్లే మీకు ఫోన్ చేయరు. కాబట్టి ఏడెనిమిది రకాలకు దిగండి. ఏవి ఉంచాలో మీ మనసును అడక్కండి, కొనేవాళ్లను అడగండి.

అడగడమంటే ఎలాగో కూడా చెబుతాను. విత్తనాల కేటలాగు తెరవక ముందే, నాలుగైదు దుకాణాలకు వెళ్లండి. పొద్దున్నే వాళ్లు హడావుడిలో ఉన్నప్పుడు కాదు, మధ్యాహ్నం తీరుబడి వేళ. "మా దగ్గర పూలున్నాయి, కొంటారా" అని మొదలుపెట్టకండి. "మీకు వచ్చే పూలలో దారిలోనే ఎక్కువ పాడయ్యేవి ఏవి?" అని అడగండి. డాలియా అంటారు, జిన్నియా అంటారు, స్నాప్‌డ్రాగన్ అంటారు. దూరం నుంచి పెట్టెల్లో పడుకోబెట్టి తెచ్చే సరుకులో ఇవి నలుగుతాయి, వంగుతాయి. గులాబీ, కార్నేషన్, చామంతి అలా కాదు. విమానాల్లో ఖండాలు దాటి ప్రయాణం చేయడానికే వాటి రకాలను ఎంచుకుంటూ వచ్చారు. కొలంబియా, ఈక్వడార్, కెన్యాల నుంచి గులాబీలు ప్రపంచమంతా తిరుగుతుంటే, మన పావెకరంతో వాటితో ధర దగ్గర తలపడలేం. బలం ఉన్న చోట కుస్తీ పట్టాలి. దూరం ప్రయాణం చేయలేని పువ్వే దగ్గర్లో ఉన్న రైతుకు బలం.

టోకు మార్కెట్ గురించి కూడా ఒక పేరా రాశారు, అక్కడికి తీసుకెళ్తే ఒకేసారి అన్నీ పోతాయి కదా అని. పోతాయి. ధర మాత్రం మీ చేతిలో ఉండదు. నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మీర్ పూల వేలం పేరు మీరు వినే ఉంటారు. అక్కడ ధర కింది నుంచి పైకి ఎక్కదు, గడియారం లాంటి బోర్డు మీద పై నుంచి కిందికి దిగుతూ వస్తుంది. ముందు ఎవరు బటన్ నొక్కితే సరుకు వాళ్లది. ఫిబ్రవరి 14కు ముందు ఎర్ర గులాబీ ధర ఎక్కడో ఉంటుంది, ఆ రోజు దాటిందంటే అదే గులాబీని పట్టించుకునేవాళ్లుండరు. టోకు అమ్మకం తప్పని నేననను. లారీ నిండా ఒకే రకం పండించేవాళ్లకు అది సరైన చోటే. వారానికి ఇరవై బకెట్లు తెచ్చేవాళ్లకు మాత్రం మిగిలిన సరుకు వదిలించుకునే చోటుగా పనికొస్తుంది, అంతకు మించి కాదు.

మీరు ఇంకా మొదలుపెట్టని దారి ఒకటుంది, ముందే డబ్బు కట్టించుకుని వారం వారం గుత్తి ఇవ్వడం. ఎనిమిది వారాలకో పది వారాలకో చందా కట్టించుకుంటారు. విత్తనాలు కొనాల్సిన రోజుల్లో చేతికి డబ్బు వస్తుంది, ఎన్ని గుత్తులు కావాలో ముందే తెలుస్తుంది, గుత్తిలో ఏముండాలో మీ ఇష్టం. ఈ మూడూ కలిసొచ్చే అమ్మకం ఇంకోటి లేదు. మొదటి ఏడాది పదిహేను మందిని మించి తీసుకోవద్దు. వాన పడి మడి పడుకున్న వారం పదిహేను గుత్తులకు పూలు వెతకడమే చాలా కష్టం. నేను అనుభవించి చెబుతున్నాను.

పెళ్లి ఆర్డర్లలో డబ్బుందని ఎవరో చెప్పారట. ఉంది. కానీ పెళ్లి తేదీకి పూలే రావాలి గానీ పూల కోసం పెళ్లి ఆగదు. వాళ్లకు ఫలానా రంగే కావాలి, ఆ రోజే కావాలి. మీ తోట అడ్డం తిరిగితే బయట కొని ఇవ్వగలిగే తోవ ఉన్నప్పుడే ఒప్పుకోండి.

ఇంకో విషయం మీ ఉత్తరంలో నా కంట పడింది. గుత్తుల్లోకి ఆకులు బయట కొన్నారు! మీ ఖర్చుల జాబితాలో విత్తనాల తర్వాత రెండో స్థానం దానిదే. మీ 23 రకాల్లో పెద్ద పూలే తప్ప ఆకు లేదు, గుత్తి సందులు నింపే చిన్న పువ్వు, అదే నింపుడు పువ్వు, లేదు. కొత్తగా దిగినవాళ్లందరం చేసే పనే ఇది, కేటలాగులో బొమ్మ చూసి డాలియా కొంటాం గానీ పచ్చటి ఆకు కొనం. మంచి గుత్తిని విప్పి బల్ల మీద పరవండి. కళ్లు లాగే పెద్ద పూలు మూడు నాలుగు ఉంటాయి. నిటారుగా నిలిచే కంకి లాంటివి రెండు. మిగతాదంతా చిన్న పూలూ ఆకులే. కొన్నవాళ్లు డాలియాను చూసి కొంటారు, గుత్తి నిండుగా కనబడేది మాత్రం ఆకు వల్ల. కాబట్టి వచ్చే సీజన్‌లో మూడో వంతు నేల ఆకులకూ నింపుడు పూలకూ ఇవ్వండి. యూకలిప్టస్‌ను ఏటా మోకాలి ఎత్తుకు నరుకుతూ పొదలా పెంచితే ఏళ్ల తరబడి కాడలిస్తుంది. కాగితంలా గరగరలాడే చిన్న పూల స్టాటిస్ అమ్ముడుపోకపోయినా తలకిందులుగా వేలాడదీస్తే రంగు చెడకుండా ఎండుతుంది, నాలుగు నెలల తర్వాతైనా అమ్ముకోవచ్చు. మిగిలిపోయినా పారేయక్కర్లేని పువ్వు ఒకటి మడిలో ఉంటే మనసుకు ఎంత నిమ్మళమో!

ఇప్పుడు మీ కార్నేషన్ల సంగతి. కోసిన పూలు ఎక్కడ పెట్టారో కూడా రాశారు: వంటగది వెనక చల్లగా ఉండే సామాన్ల గదిలో. అక్కడ పండ్లు కూడా పెడతారా? నూటికి తొంభై వంతులు పెట్టే ఉంటారు. నాకూ ఇలాగే జరిగింది. ఒక పెద్ద ఆర్డరుకు ముందు రాత్రి నాలుగు బకెట్ల కార్నేషన్లూ స్నాప్‌డ్రాగన్లూ చలవ గదిలో పెట్టి పడుకున్నాను. అందులోనే ఒక మూల రెండు బుట్టల మాగిన పండ్లు ఉన్నాయి. తెల్లారి తలుపు తీస్తే కార్నేషన్లు కళ్లు మూసుకున్నట్టు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. స్నాప్‌డ్రాగన్ల పూలు కాడను తాకితే చాలు, జలజలా రాలాయి. నీళ్లు తక్కువయ్యాయనుకుని కాడల చివరలు మళ్లీ కోసి మళ్లీ నీళ్లలో పెట్టాను, ఏం లాభం.

పండ్లు మాగేటప్పుడు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. రంగుండదు, ఆ మోతాదులో మన ముక్కుకు తెలియదు. గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలు కూడా లేకపోయినా కార్నేషన్‌కు అది చాలు, తన పని అయిపోయిందనుకుని ముడుచుకుపోతుంది. ఇది ఇవాళ తెలిసిన సంగతి కాదు. ఒకప్పుడు దీపాలకు వాడిన గ్యాసు గొట్టాలు కారినప్పుడు గాజు ఇళ్లలో కార్నేషన్లు ఇలాగే ముడుచుకునేవి. చికాగోలో క్రాకర్, నైట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు పరీక్షలు చేసి, దీనికి ఆ గ్యాసులోని ఎథిలీన్ కారణమని 1908లో రాశారు. పూలు పెట్టే గదిలో పండ్లు ఉండకూడదు, వాడిపోయిన పూలు ఉండకూడదు, పొగ వదిలే ఇంజను దగ్గర్లో ఉండకూడదు. ఈ మూడు తీసేయండి. మందులు అవీ తర్వాత.

కోతలో మీ డబ్బు ఇంకా ఎక్కడెక్కడ కారిపోతోందో చూద్దాం. మీరు అన్నీ ఒకే దశలో, సగం విచ్చాక కోశానని రాశారు. ఒక్కో పువ్వుకు ఒక్కో వేళ ఉంది. గ్లాడియోలస్ అడుగున ఒకటి రెండు మొగ్గలకు రంగు కనబడగానే కోయాలి, మిగతావి కొన్నవాళ్ల ఇంట్లో విచ్చుకుంటాయి. డాలియా దీనికి సరిగ్గా తిరగేసి. కోశాక దాదాపు ఇక విచ్చదు, అందుకని చెట్టు మీదే ముప్పాతిక విచ్చాలి. కానీ పువ్వును తిప్పి వెనక చూడండి, అడుగు రేకులు పల్చబడి గోధుమ రంగుకు తిరిగాయా, అది అమ్మకానికి పనికిరాదు. పొద్దుతిరుగుడు రేకులు చక్రం మీంచి లేస్తున్నప్పుడే కోయాలి. లిసియాంథస్‌కు ఒక పువ్వు విచ్చి, మిగతా మొగ్గలకు రంగు పట్టాలి.

జిన్నియాను కంటితో చూసి చెప్పలేం, చేత్తో పట్టుకోవాలి. పువ్వుకు జానెడు కింద కాడను రెండు వేళ్లతో పట్టుకుని చిన్నగా ఊపండి. మెడ లటుక్కుమని వాలి అటూ ఇటూ ఊగితే ఇంకా రోజు రెండు రోజులు ఆగాలి. కర్రలా బిగిసి, కాడ మొత్తం ఒక్కటిగా కదిలితే కోయొచ్చు. మెత్తగా ఉన్నప్పుడు కోసిన జిన్నియా ఎన్ని నీళ్లలో పెట్టినా మధ్యాహ్నానికి తల వేలాడేస్తుంది. మీ దుకాణదారు ఒక కట్ట వెనక్కి ఇచ్చారని రాశారు కదా, అది అలా వేలాడిన కట్టేనని నా అనుమానం. ఇంకోటి, జిన్నియాకు చలవ పెట్టె పడదు. మిగతా చాలా పూలకు 1 నుంచి 4 డిగ్రీల చలి మంచిదే గానీ, జిన్నియా రేకులు ఆ చలికి మచ్చలు పడి నీరసించిపోతాయి. ఆంథూరియం, ఆర్కిడ్ల లాంటి ఉష్ణమండలం పూలకైతే 12 డిగ్రీల కంటే తక్కువ చలి అసలు వద్దు.

మీరు పంపిన ఫొటోలో గ్లాడియోలస్ కొనలు కొంకిలా పైకి వంగి ఉన్నాయి. తెగులు కాదు. బండిలో పడుకోబెట్టి తీసుకెళ్లారు కదా, కోశాక కూడా ఆ కొన ఆకాశం వైపే పెరగాలని చూస్తుంది. స్నాప్‌డ్రాగన్ కూడా అంతే. ఈ రెంటినీ కోసిన క్షణం నుంచి అమ్మే దాకా నిలబెట్టే ఉంచాలి. ఒకసారి వంగిన కొన మళ్లీ తిన్నగా కాదు.

వేళ సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఎండ ఎక్కక ముందే కోస్తున్నారు. బకెట్లను మాత్రం ఎలా కడుగుతున్నారో రాయలేదు. నేను పెట్టుకున్న కొలత ఒకటే, ఆ బకెట్లో నీళ్లు నేను తాగగలనా? జారుడు పట్టిన బకెట్లో సూక్ష్మజీవులు చేరి కాడ లోపలి సన్నటి గొట్టాలను మూసేస్తాయి. అందుకే గెర్బెరా నీళ్లలో నిలబడి ఉండీ దాహంతో మెడ వాల్చేస్తుంది. బకెట్లు సబ్బుతో తోమి, బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఆరబెట్టండి. నీళ్లలో మునిగే ఆకు ఒక్కటి కూడా ఉంచొద్దు. కోసిన వెంటనే నీళ్లలో పెట్టి నాలుగైదు గంటలు నీడలో కడుపునిండా తాగనిచ్చి, ఆ తర్వాతే కట్టలు కట్టండి. ఈ నాలుగైదు గంటలు మీ కోతకూ అమ్మకానికీ మధ్య లేవు. పొద్దున కోసి తిన్నగా బల్ల దగ్గరికి పట్టుకెళ్లారు. ఇంటికి తీసుకెళ్లిన పువ్వు మూడో రోజు వాడితే ఎవరూ మీతో గొడవ పడరు, మళ్లీ రారు, అంతే.

నారు దగ్గర రెండు మాటలు. లిసియాంథస్‌ను విత్తనం నుంచి పెంచారట, మీ ఓపికకు దణ్ణం. దుమ్ములా ఉండే ఆ గింజ పువ్వుగా మారడానికి ఐదారు నెలలు పడుతుంది, అందులో మొదటి రెండు నెలలు మొక్క ఉందో లేదో భూతద్దంతో వెతుక్కోవాలి. నారు కొనుక్కోండి. డాలియా దుంపలు ఇక కొనొద్దు. ఒక దుంప వేస్తే సీజన్ చివర తవ్వినప్పుడు కింద నాలుగైదు ఉంటాయి, కన్ను ఉన్న ముక్కలుగా విడదీసి దాచుకోండి. అయితే కొత్త రకాల చీటీల మీద హక్కులున్న రకమని రాసి ఉందేమో చూడండి. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఒకటి ఉంది, చాలా దేశాలు అందులో ఉన్నాయి. కొత్త రకం సృష్టించినవాళ్ల అనుమతి లేకుండా దాని మొక్కల్ని పెంచి అమ్మడం ఆ దేశాల్లో కుదరదు. గులాబీల్లో ఇది మరీ ఎక్కువ. పువ్వు అమ్ముకోవడానికి కొన్న మొక్క నుంచి కొమ్మలు అంటుకట్టి ఎకరం నింపేద్దామనే ఆలోచన ఇంట్లో ఎవరికైనా ఉంటే కుదరకపోవచ్చని ఇప్పుడే చెప్పేయండి.

వల కట్టలేదని ఒప్పుకున్నారు, ఒక్క గాలివానకు రెండు మడులు పడుకున్నాయని కూడా రాశారు. పడుకున్న మొక్క బతుకుతుంది. కానీ రెండు రోజుల్లో కొనలన్నీ పైకి తిరిగి కాడలు కొడవళ్లలా అవుతాయి. కొడవలి లాంటి కాడను ఎవరూ కొనరు. 15 సెంటీమీటర్ల గళ్ల వలను మొక్క జానెడు ఉన్నప్పుడే మడి మీద అడ్డంగా పరిచి, పెరిగే కొద్దీ పైకి జరపండి. పాలీహౌస్ ఖర్చు ముందు ఇదొక ఖర్చే కాదు.

ఇక మీ కష్టం. "నా పని లెక్కలో వేసుకోలేదు" అని గొప్పగా చెప్పినట్టు రాశారు. పూల తోటలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు మనిషి చేతులే. అది వేసుకోకపోతే మీకు లాభమొచ్చిందో, ఉచితంగా పనిచేశారో తెలిసే దారే లేదు. గోడకు ఒక గడియారం, దాని పక్కన ఒక పలక తగిలించండి. ఈ పని రెండు వారాలు చేసినా చాలు. జిన్నియా కోత మొదలు, జిన్నియా కోత చివర. కట్టలు కట్టడం మొదలు, చివర. బండి ప్రయాణం కూడా. పొద్దుతిరుగుడు వంద కాడలు మీరు ఎంతలో కోసి ఆకులు తీస్తారో, సన్న కాడల చిన్న పూలు వంద కోసి కట్టడానికి ఎంత పడుతుందో పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే ధరకు అమ్ముతున్నారేమో కూడా చూడండి. నేను పలక పెట్టిన వారమే నాకెంతో ఇష్టమైన రెండు రకాలు మడి దిగిపోయాయి.

ధర గురించి నా మాట కాస్త కటువుగా ఉంటుంది. సాయంత్రానికి బల్ల మీద మిగిలినవి సగం ధరకు ఇచ్చేస్తున్నారు. దానివల్ల మీ కొనుగోలుదారులకు ఏం నేర్పారంటే, సాయంత్రం దాకా ఆగితే సగానికే వస్తాయని. ఇక పొద్దున ఎందుకొస్తారు? మిగిలినవి ఎండబెట్టండి, ఎవరికైనా ఊరికే ఇవ్వండి, ఎరువు గుంటలో వేయండి, కానీ ఆ బల్ల మీద మాత్రం ధర దించకండి. మిగిలిన ప్రతి కట్టా పుస్తకంలో ఎక్కాలి, ఏ రకం, ఎన్ని, ఎందుకు మిగిలాయి అని. చుట్టాలకిచ్చినవీ ఎక్కాలి. ఒక్క సీజన్‌లో పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ మీరు పంపిన గుత్తులు మీ ఉత్తరంలోనే పదకొండు లెక్కపెట్టాను!

అరువు మీద ఇచ్చే విషయానికొస్తే, ఆ మూడో దుకాణం ఇంకా బాకీ ఉందన్నారు. నేనూ ఒక దుకాణానికి సీజన్ పొడుగునా ఖాతా మీద ఇచ్చాను. చివర్లో సగం ఇచ్చి, మిగతా సగానికి "మీ పూలు కొన్ని వాడిపోయాయి కదా" అన్నారు. ఎప్పుడు, ఎన్ని, నా దగ్గర రుజువేముంది? అప్పటి నుంచి ప్రతి బకెట్‌కూ రెండు ప్రతుల చీటీ, దించిన రోజే సంతకం, వాడినవి ఉంటే మర్నాటికల్లా ఫొటో పంపాలి, డబ్బు వారంలోపు. ఈ షరతులు విని ఒకరు మానేశారు. మిగతావాళ్లు ఏమీ అనుకోలేదు.

పాలీహౌస్ ఎప్పటికీ వద్దని కాదమ్మా. వాన నుంచి రేకును కాపాడుతుంది, సీజన్‌ను ముందుకూ వెనక్కూ కొన్ని వారాలు సాగదీస్తుంది, కాడ పొడుగ్గా శుభ్రంగా వస్తుంది. కానీ ఆ సాగిన వారాల్లో పూలు కొనేవాళ్లెవరు? ఆ పేర్లు మీ పుస్తకంలో ఉన్న రోజున కట్టండి. అప్పుడు కూడా లోపల అంతా సుఖంగా ఉండదు, తామర పురుగులూ బూడిద తెగులూ బూజూ లోపలికొచ్చి కాపురం పెడతాయి, గాలి ఆడించడమే ఒక రోజువారీ పని. ఇప్పుడు కడితే మాత్రం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది. పావెకరంలో అమ్ముడుపోని కాడలే ఇంకా తేలలేదు, వాటికి పైకప్పు ఎందుకు?

ముందు చేయాల్సింది చెబుతాను. పోయిన సీజన్ గుర్తున్నంతలో ఒక్కో రకానికి కోసినవీ అమ్మినవీ రెండు గళ్లలో రాయండి. గుర్తులేని చోట ఖాళీ వదిలేయండి, ఊహించి నింపొద్దు. ఆ కాగితం పట్టుకుని దుకాణాలు తిరిగి రండి. బాకీ ఉన్న మూడో దుకాణానికి కూడా వెళ్లండి, ముందు బాకీ అడగండి, తర్వాత పూల మాట. వాళ్లు కావాలన్న రకాలు, రంగులు, వారానికి ఎన్ని కట్టలు, ఏ నెలల్లో, అన్నీ వాళ్ల నోటితో చెప్పించుకుని రాసుకోండి. ఆ జాబితా నాకు పంపితే ఏ మడిలో ఏది, ఏ వారం విత్తాలో కలిసి చూద్దాం. విత్తనాల ఆర్డరు అప్పటిదాకా పంపకండి.